గుండుసూది చిల్లులు

ముందు సంతకం, తరువాత మాట. పొద్దున పాపకి జడ వేస్తున్నప్పటి నుంచీ ఇదే జపం, బస్సులో కిటికీ పక్క సీటు కోసం అది పేచీ పెడుతున్నప్పుడూ ఇదే, లైబ్రరీ మెట్లెక్కుతూ ఇదే, ఇప్పుడీ పొడుగాటి బెంచీ చివర కూర్చుని వంతు కోసం చూస్తూ కూడా ఇదే, ఎందుకంటే వరస తప్పితే నా కొంప నేనే కూల్చుకున్నదాన్నవుతాను. సాయంత్రం తరగతుల వాళ్ళ నియమం అలాంటిది. ఇంటి దగ్గర చేసుకు రమ్మన్న లెక్కలన్నీ డిగ్రీ ఉన్నవాళ్ళెవరైనా చూసి, సరేనని అట్ట మీద సంతకం పెడితేనే పరీక్షకి కూర్చోనిస్తారు, ఆ కట్ట ఇవాళే ఇవ్వాలి, ఐదింటికి ఆఫీసు కిటికీ మూసేస్తారు, ఆ కిటికీ వెనక కూర్చునే ఆవిడ ఏడ్చినా కరగదు, కాళ్ళు పట్టుకున్నా కరగదు. ఈ పరీక్ష గట్టెక్కితే సర్వే ట్రైనింగుకి వెళ్ళవచ్చు, నేల మీద నిలబడి కొలతలు తీసే పని, లేకపోతే మళ్ళీ ఆ డ్రైక్లీనింగు కొట్టు వెనక గదిలో ఎవరెవరి ప్యాంట్లకో అంచులు మడిచి కుట్టుకుంటూ ఉండటమే. మాకు తెలిసినవాళ్ళలో డిగ్రీ ఉన్న మనిషి ఒక్కరే. ఎవరి మీద ఇన్నేళ్ళుగా పళ్ళు నూరుతున్నానో ఆయనే. చూడండి నా ఖర్మ, మనసులో తిట్టుకునేటప్పుడు కూడా ‘ఆయన’ అనే వస్తోంది, ‘వాడు’ అనడానికి నోరు రాదు, బళ్ళో నేర్పిన చదువులో నాకు గట్టిగా అంటుకున్నది ఇదొక్కటే. పాప నా చీర కొంగు నోట్లో పెట్టుకుని నములుతోంది. తీసెయ్యమ్మా, మురికి. తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. రాత్రి కాస్త దగ్గింది, ఇప్పుడు దగ్గడం లేదు, దగ్గడం లేదేమా అని అదొక భయం నాకు. ముందు సంతకం, తరువాత మాట.

అదుగో, కిటికీ కింద గుండ్రబల్ల దగ్గర కూర్చున్నారు సారు, తల పూర్తిగా తెల్లబడింది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి, అప్పట్లో ఇంత మెత్తగా ఉండేవారు కాదు, చాక్‌పీసు ముక్క విసిరితే గురి తప్పేది కాదు, ఇప్పుడు మాత్రం మాట మాటకీ వెన్న రాసినట్టే. రా అమ్మా, కూర్చో నాన్నా, తొందర లేదు బంగారం. రిటైరయ్యాక శనివారాలు ఇక్కడ ఉచితంగా లెక్కలు చెబుతున్నారట, ఎవరైనా రావచ్చు, ఏ లెక్కయినా అడగవచ్చు, లైబ్రరీ ఆవిడ ఆయనకి మంచినీళ్ళు తెచ్చి పెట్టి చేతులు కట్టుకుని నిలబడుతుంది, పుణ్యాత్ములండీ అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. మొదటిసారి వచ్చింది లాగ్ లెక్కల కోసం. ఆ పుస్తకంలో లాగ్ అన్న మాట దగ్గరే చిక్కుకుపోయి, మా ఆయన్ని అడిగితే “నాకెలా వస్తుందే, నేను లారీ ఇంజన్లు విప్పేవాణ్ణి” అన్నాడు, మా అత్తగారు “పాలు పొంగిపోతున్నాయి, ముందు ఆ లెక్క చూసుకో” అంది, లైబ్రరీలో ఎవరో చెబుతారని మా కొట్టుకి బట్టలివ్వడానికి వచ్చిన ఒకావిడ చెబితే పాపని చంకనేసుకుని వచ్చాను. గుమ్మంలోనే గొంతు వినపడింది. మొహం చూడకముందే నా కాళ్ళు వెనక్కి తిరిగాయి, తిరిగినవాటిని నేనే మళ్ళీ ముందుకి తిప్పాను. ఆయన తలెత్తి, “రా అమ్మా, నీకా, పాపకా?” అని నవ్వారు. గుర్తుపట్టలేదు. ఎలా పడతారు, అప్పుడు రెండు జడలు, చీపురుపుల్లలా ఉండేదాన్ని, ఇప్పుడు చంకలో పిల్ల, కళ్ళ కింద నలుపు. నా బతుకు తలకిందులు చేసిన మనిషికి నా మొహం కూడా గుర్తులేదు. అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాను, దొంగకి తలుపు తీసి ఉన్నట్టు.

పాప బెంచీ దిగింది. మెట్ల వైపు వెళ్ళకు, ఇక్కడే ఉండు, అవునమ్మా, నా కాళ్ళ దగ్గర. కాళ్ళ దగ్గర అంటే అమ్మ కుట్టుమిషను గుర్తొస్తుంది నాకెప్పుడూ, ఆ మిషను కిందే పెరిగాను, పైన టకటకమని చప్పుడు, కింద నేను, చుట్టూ రాలిన గుడ్డపేలికలు, నా బొమ్మలన్నీ ఆ పేలికలే. అమ్మ ఏది కత్తిరించినా ముందు గుడ్డని మడిచేది. రెండు చేతులు ఒక్కలా రావాలంటే రెండుసార్లు గీయకూడదే, అనేది, ఒకసారి గీసి, మడిచి, గుండుసూదితో పొడువు, సూది రెండు వైపులా ఒకేమాట చెబుతుంది. గుడ్డకి నిజమైంది కాగితానికి ఎందుకు కాదు? అప్పట్లో బళ్ళో సారు పెట్టిన పరీక్షలో ఒక ఫంక్షను ఇచ్చి, గ్రాఫు గీసి, దాని ఇన్‌వర్స్ గ్రాఫు కూడా గీయమన్నారు. రెండుని హెచ్చించుకుంటూ పోయేది, సున్నా దగ్గర ఒకటి, ఒకటి దగ్గర రెండు, రెండు దగ్గర నాలుగు, మూడు దగ్గర ఎనిమిది, అలా పైపైకి లేచిపోయే గీత. ఇన్‌వర్స్ అంటే అడ్డాన్ని నిలువు చేసి నిలువుని అడ్డం చేయడమేగా అని నాకప్పుడే తట్టింది, అంత మాత్రానికి ఇన్ని అంకెలెందుకు, మధ్యలో ఏటవాలు గీత గీసి, కాగితాన్ని ఆ గీత మీద మడిచి, జాకెట్టుకి పెట్టుకున్న గుండుసూది తీసి ఒక్కో చుక్క దగ్గరా పొడిచాను. విప్పి చూస్తే అవతల వైపు చుక్కలన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. వాటిని కలిపితే ఇన్‌వర్సు. ఆ సంతోషం ఇప్పటికీ ఒంట్లో ఉంది, ఎంత పగ పట్టినా అది చావలేదు, అదే నాకు మరీ మంట. ఎందుకంటే ఆ కాగితాన్నే మూడోరోజు సారు క్లాసులో కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా ఆయన చొక్కా మీద పడింది. “చూశారా అమ్మాయిగారి తెలివి, స్లిప్పుల కాలం పోయింది, ఇప్పుడు చిల్లులు. పక్కదానికి ఎన్నో ప్రశ్నకి ఏ జవాబో చిల్లులతో చెప్పడం. ఎవరు చేసిచ్చారే ఇది?” అన్నారు. క్లాసంతా నవ్వింది. పక్కన కూర్చున్న పిల్ల భయంతో నాకేం తెలీదు సార్ అని ఏడ్చింది, ఆ ఏడుపే సాక్ష్యమైంది. చిల్లుల్ని లెక్కగా చూడకుండా దొంగతనంగా చూడటం లెక్కల మాస్టారికి మాత్రమే చేతనవుతుంది, మా అమ్మకి చూపిస్తే ఒక్క చూపులో మడత ఎక్కడుందో చెప్పేది.

ఇంటికెళ్ళి ఇంకో కాగితం అలాగే మడిచి, పొడిచి చూపించాను కూడా. అమ్మ ఆ సాయంత్రమే చేతిలో పని వదిలేసి బడికి వెళ్ళింది, గుండుసూదులు గుచ్చిన చిన్న దిండు సంచిలో వేసుకుని మరీ వెళ్ళింది, చూపిద్దామని. సారు గుమ్మం బయటే నిలబెట్టారు. “మీరు బట్టలు కుట్టుకోండమ్మా, లెక్కలు మేం చూసుకుంటాం” అన్నారట. అమ్మ ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని దారం ఎక్కించబోతే సూది బెజ్జం కనపడలేదు, నన్ను ఎక్కించమంది. ఆ తరువాత అమ్మ నాతో చదువు మాట ఎత్తలేదు. నాన్నయితే మరీ. నాన్న గోడౌను కాపలా మనిషి, టోపీ పెట్టుకున్నవాళ్ళెవరు కనపడినా లేచి నిలబడే మనిషి, “సారంతటివాడు అబద్ధం చెబుతాడా? బయటికి పొక్కకముందే మానిపించడం మంచిది” అన్నాడు. దొంగతనం బయటికి పొక్కకూడదని నన్ను లోపలికి తోశాడు. మేనత్త ఒక సంబంధం తెచ్చింది, పిల్ల నోట్లో నాలుక లేనిది అని చెప్పి మరీ తెచ్చింది. మా ఆయన చెడ్డవాడు కాదు, గట్టిగా అరవడు, చేతిలో గ్రీసు మరకలతోనే పాపని ఎత్తుకుంటాడు, నేను కోప్పడితే నవ్వుతాడు, కానీ ఆయనకి నేనెవరో తెలియదు, నేనొక కాగితం మడిచినదాన్నని ఏడేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా చెప్పుకోలేకపోయాను, దొంగ అన్న ముద్ర ముందు చెప్పాలి కదా, మడత సంగతి ఆ తరువాతగా వచ్చేది. నాన్న పోయే ముందు కూడా అడిగాడు, ఆ పక్కపిల్ల నీకు చిల్లులకి ఏమిచ్చిందే అని. ఆయన కడసారి మాటల్లో అదొకటి. నాన్న మీద కోపం కూడా ఈ మనిషి మీదకే మళ్ళించుకున్నాను, అత్త మీద కోపం దుత్త మీద చూపించానంటే అననివ్వండి, ఆ దుత్త చేసిన పని కూడా అలాంటిదే మరి.

రెండో శనివారం అనుకుంటాను, నా ముందు కూర్చున్న కుర్రాడికి ఆయన ఇన్‌వర్సు చెబుతున్నారు. “ఇన్ని అంకెలు వేసుకోనక్కర్లేదు నాన్నా, ఏటవాలు గీత గియ్యి, దాని మీద మడువు, ఇదుగో, దీంతో పొడువు” అంటూ జేబులోంచి గుండుసూది తీశారు. జేబులోంచి! ఒక చిన్న డబ్బా, దాన్నిండా గుండుసూదులు, రంగు రంగుల తలలవి. కుర్రాడు విప్పి చూసి అబ్బ అన్నాడు. “ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, నా పద్ధతి,” అన్నారాయన. పిల్లలందరికీ తెలుసట అది, సారు మడత అంటారట, సారు మడత వేశావా అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటారు, లైబ్రరీ ఆవిడ గోడ మీద ఒక కాగితం కూడా అంటించింది, చిల్లులతో, కింద ఆయన పేరుతో. పాప నా చెయ్యి పట్టుకుని లాగి అమ్మా నొప్పి అంది, దాని వేళ్ళు అంత గట్టిగా నలిపేస్తున్నానని అప్పుడు తెలిసింది. నా దగ్గరుంటే దొంగతనం, ఆయన దగ్గరుంటే పద్ధతి. ఆ రోజే అరిచేసేదాన్ని, అరవలేదు. పగ తీర్చుకోవాలన్నా చదువు కావాలనిపించింది, ముందు ఈయన దగ్గరున్నదంతా పిండుకుందాం అనుకున్నాను. పిండుకున్నాను. సైనూ కోసైనూ అలల్లా ఎలా లేస్తాయో, డిగ్రీలని రేడియన్లుగా ఎలా మార్చాలో, గీత ఒక చోటికి దగ్గరవుతూ దగ్గరవుతూ ఎప్పటికీ తాకకుండా ఎలా ఉండిపోతుందో, అన్నీ. బాగా చెబుతారు. అదే ఘోరం. చెడ్డగా చెప్పి ఉంటే ఎంత హాయిగా ఉండేది, అర్థమైన ప్రతిసారీ ఆయనకి ఇంకాస్త రుణపడుతున్నట్టు ఒళ్ళు మండేది, రాత్రి అంట్లు తోముతూ ఆ మంటంతా గిన్నెల మీద చూపిస్తే మా అత్తగారు “వాటికి సొట్టలు పెడుతున్నావా, కడుగుతున్నావా?” అనేది. ఏమేం ఊహించుకోలేదు నేను! ఆయన కుర్చీలో గుండుసూదులు నిలబెట్టడం, కళ్ళద్దాలు కింద పడితే పొరపాటున తొక్కేయడం, లైబ్రరీ మెట్ల మీద ఆయన జారితే చెయ్యి అందించబోయి ఆగిపోవడం. అన్నిటికన్నా తీపిగా ఉండే ఊహ మాత్రం ఒకటే, సంతకం తీసుకుని, కట్ట సంచిలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అందరూ వినేలా చెప్పడం. చెప్పి వెళ్ళిపోవడం. ఆయన ఏమంటారో కూడా వినకుండా.

బెంచీ జరిగింది. ఇప్పుడు నా ముందు ఒక్కతే. పన్నెండో, పదమూడో ఏళ్ళ పిల్లలా కనపడుతుంది కానీ చేతిలో పై తరగతి పుస్తకం ఉంది, చొక్కా చేతులు పొట్టివైపోయి మణికట్లు బయటికొచ్చాయి. అలా పొట్టయిన చేతులు అమ్మ దగ్గరికి వస్తే అంచు విప్పి పొడుగు చేసేది. ఆ పిల్ల వెళ్ళి కూర్చుంది. నేను వినదలుచుకోలేదు, గోడ గడియారం చూస్తున్నాను, బస్సు దొరకకపోతే నడిచి వెళ్ళాలి, పాపని ఎత్తుకుని నడిస్తే ఎంతసేపు పడుతుందో, కానీ గుండ్రబల్ల పెద్ద దూరంలో లేదు, మాటలు వినపడుతూనే ఉన్నాయి. గుంటలా కిందికి దిగి మళ్ళీ పైకి లేచే గ్రాఫు, దాని అడుగెక్కడో కనుక్కోమన్నారు.

“మూడు దగ్గర సార్,” అంది పిల్ల.

“జవాబు సరే, లెక్క ఏదీ? నేను చెప్పిన పద్ధతి కనపడదే?”

“ఒకటి దగ్గరా, ఐదు దగ్గరా సున్నా అవుతోంది కద సార్. తాడు రెండు కొసలూ ఒకే ఎత్తులో కడితే మధ్యలోనే కదా బాగా కిందికి వేలాడేది. అందుకని మధ్యలో చూశా.”

ఆయన కళ్ళద్దాల మీదుగా ఆ పిల్లని చూశారు. నవ్వారు. చాలా మెత్తని నవ్వు.

“ఎవరు చేసిచ్చారమ్మా? అన్నయ్యా?”

“నాకు అన్నయ్య లేడు సార్.”

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. “సరే సరే, ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే. వెళ్ళి నా పద్ధతిలో చేసి తీసుకురా, బంగారం,” అన్నారాయన. ఆ పిల్ల లేచింది, కాగితాన్ని సగానికి మడిచింది, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి, ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యేదాకా మడిచి గుప్పిట్లో పెట్టుకుని నా పక్కనుంచే వెళ్ళి గోడ దగ్గర నిలబడింది. ఏడవడం లేదు. ఏడవకుండా ఉండటానికి గుటకలు మింగుతోంది. ఆ మింగడం నాకు తెలుసు, దాని రుచి తెలుసు. చాక్‌పీసు పోయి బంగారం వచ్చిందంతే, మాట అదే, అక్షరం మారలేదు.

“రా అమ్మా. ఇవాళ నీకు సంతకం కదూ, ఇలా తే.” పాపని ఒక చేత్తో పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. ముందు సంతకం, తరువాత మాట. ఆయన కాగితాలు తిరగేస్తున్నారు, అక్కడక్కడా తల ఊపుతున్నారు, “నీలా కష్టపడేవాళ్ళు ఇద్దరున్నా చాలు నాకు,” అన్నారు, పెన్ను మూత తీశారు, ములుకు అట్ట మీదకి దిగుతోంది, ఒక్క క్షణం, ఒక్క గీత, అంతే, సర్వే ట్రైనింగు, నేల, కొలతలు, పాప బడి, అన్నీ ఆ ములుకు కిందే ఉన్నాయి, నోరు మూసుకోవే, నీకు దణ్ణం పెడతాను నోరు మూసుకో, గోడ దగ్గర ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది, నా చెయ్యి వెళ్ళి అట్ట మీద పడింది.

“ఆ పిల్లకి అన్నయ్య లేడు సార్.”

“ఆఁ?”

“ఆ లెక్క ఆ పిల్లే చేసింది.”

“నీకెందుకమ్మా అదంతా? చెయ్యి తియ్యి. కిటికీ మూసేస్తారన్నావుగా.”

“నాకూ అన్నయ్య లేడు సార్,” అన్నాను. తరువాత నా పేరు చెప్పాను, పెళ్ళికి ముందు పేరు, మా నాన్న పేరు, బడి పేరు, సెక్షను, హాజరు పిలిచినప్పుడు చెప్పేటంత స్పష్టంగా. ఆయన మొహంలో ఏమీ కదలలేదు. “గుండుసూది చిల్లులు,” అన్నాను. అప్పుడు కదిలింది. మనిషి గుర్తులేదు, చిల్లులు గుర్తున్నాయి. పెన్ను గాల్లోనే ఉండిపోయింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు, అవి లేకపోతే కళ్ళు ఎంత చిన్నవి. లైబ్రరీ ఆవిడ నీళ్ళ గ్లాసుతో వస్తూ వస్తూ ఆగిపోయింది.

ఆయన ముందుకి వంగి గొంతు తగ్గించారు. “ఇక్కడొద్దమ్మా. పక్క గదిలోకి వెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఆ రోజు నేనూ అదే అన్నాను సార్. క్లాసులో వద్దు, స్టాఫురూములో అడగండి అన్నాను.”

గడియారం వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. పాప నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఈ మనిషి ఇప్పుడు పెన్ను మూత పెట్టేయవచ్చు. పెట్టేస్తే ఏడాది పోయినట్టే. పోనీ. పోతే పోయింది.

“నాకు తరువాత తెలిసింది,” అన్నారాయన, బల్లతో మాట్లాడుతున్నట్టు. “పేపర్లు కట్ట కడుతూ మళ్ళీ చూశాను. మడత జాడ కనపడింది. అప్పటికి నువ్వు మానేశావు.”

“మా ఇల్లు బడి వెనక వీధే సార్.”

బెంచీ మీద ఒక్కరూ కదలడం లేదు. నాకు జాలి వేస్తుందేమోనని లోపలంతా వెతుక్కున్నాను, ముసలాయన, ఇన్ని నెలలు ఓపిగ్గా చెప్పిన మనిషి, ఎక్కడో ఓ మూల వేస్తుందేమోనని భయపడుతూ వెతికాను. లేదు. చెయ్యి తీశాను. ఆయన సంతకం పెట్టారు, తేదీ వేశారు, అట్టని నా వైపు తోశారు. తోస్తూ, తల దించుకునే, ఏదో గొణిగారు. తప్పయిందమ్మా అన్నట్టుంది.

కట్టని గుండెకి ఆనించుకుని, పాప చెయ్యి పట్టుకుని లేచాను.

“కొంచెం గట్టిగా చెప్పండి సార్,” అన్నాను, “వెనక బెంచీ వాళ్ళకి వినపడలేదు.”

గోడ దగ్గర పిల్ల తలెత్తింది. ఆయన రెండు చేతులూ బల్ల మీద ఆనించి, కుర్చీ వెనక్కి జరిపి, లేచి నిలబడ్డారు.